పూలతోటకి రెండు సీట్లు

"ఈ ఊరొచ్చి ఏడాదైంది. కోట చూపించమంటే సెలవు దొరకదన్నారు. సరస్సంటే షిఫ్టు ఉందన్నారు. ఇప్పుడేమిటి, వారంలో మూడోసారి టూరిస్టు బస్సు? సూర్యుడు పడమట పొడిచాడా?"

కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంటూ మా ఆవిడ దెప్పింది.

"సెలవులు మురిగిపోతున్నాయి," అన్నాను.

కోట మెట్లు సగం ఎక్కి కూలబడింది. "పైన మాత్రం ఏముంటాయి, ఇవే రాళ్లు. మీరు చూసి రండి," అంది. నేనూ వెళ్లలేదు. సరస్సు దగ్గర చెప్పులు విప్పి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఫోటో తీయబోతే కొంగు అడ్డం పెట్టుకుంది. "తీసేదేదో పోయినేడే తీయాల్సింది."

తిరుగు బస్సులో గైడు బుకింగు పుస్తకం పట్టుకుని సీటు సీటుకీ వచ్చాడు.

"కొండమీద పూలతోట రెండు నెలల తర్వాత తెరుస్తారు సార్. అప్పుడు సీట్లు దొరకవు. ఇప్పుడే రాయించుకోండి."

పోయిన వారం డాక్టరు ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి నాతో చెప్పాడు. "ఇక మందులతో పని లేదు. మహా అయితే నెల. ఆమె అడిగినవన్నీ చూపించండి." నీరసమేనట, టానిక్ తాగితే పోతుందట అని ఆవిడతో అబద్ధమాడాను. నమ్మిందనుకున్నాను.

గైడుకి రెండు వేళ్లు చూపించాను.

ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే నా చెయ్యి అందుకుని, ఒక వేలు మడిచేసింది.