అర శ్రుతి

శ్రుతి తప్పిన ప్రార్థన దేవుడి చెవిన పడుతుందా, పడదా అన్న సందేహం నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. మా ప్రార్థన మందిరం కార్యదర్శిగారికి మాత్రం అలాంటి సందేహాలేవీ లేవు.

"పడదంటే పడదు," అన్నాడాయన ఆ సాయంత్రం, అందరి ముందూ. "పోయినవారం మొదటి పాట ఒక దారి, తబలా ఒక దారి. ఇవాళ కూడా శ్రుతి తప్పిందంటే వచ్చేవారం నుంచి స్పీకర్లో రికార్డు వేసేస్తాను. ఏమీ అనుకోకండి అక్కగారూ, అందరూ అంటున్న మాటే నేనూ అంటున్నాను."

"అందరూ అంటే మీరూ, మీ ఫోనూ కదూ?" అంది ఐదున్నరమ్మ.

నలుగురూ నవ్వారు. కార్యదర్శిగారి ఫోన్ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎవరు గొంతు విప్పినా ఏ శ్రుతిలో ఉన్నారో అది అంకె వేసి చూపించేస్తుంది. ఇక ఐదున్నరమ్మకి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, జుట్టు నెరిసినా ఐదున్నర శ్రుతి నుంచి దిగి పాడి ఎరగదు. ఆ ఎత్తు అందుకోవడం పడుచువాళ్లకే కష్టం. పక్కన తబలా వాయించేది సొంత తమ్ముడే. ఆవిడ పిలవగా పిలవగా మందిరంలో పిల్లలతో సహా అందరికీ ఆయన తమ్ముడుగారైపోయాడు.

"ఒరేయ్ తమ్ముడూ, కానీ. రికార్డు వేసేవాడికి తబలా అక్కర్లేదు, నీకూ నాకూ ఇద్దరికీ సెలవే."

తమ్ముడుగారు నవ్వలేదు. కుడి తబలా ఒళ్లోకి లాక్కుని, వేలితో అంచు మీద మీటి, తల వంచి విన్నాడు. పైన ఫ్యాన్లు గరగరలాడుతున్నాయి. శ్రుతిపెట్టె సన్నగా మోగుతోంది. చిన్న సుత్తితో అంచు మీద ఇక్కడో దెబ్బ, అక్కడో దెబ్బ వేసి, మళ్లీ మీటి, మళ్లీ విన్నాడు.

"కలిసిందా అక్కా?"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "కలిసిందిరా. సుత్తి లోపల పెట్టు, కార్యదర్శిగారు హడలిపోతున్నారు."

అతను సుత్తి సంచీలో దాచుకుంటుండగా ఆవిడ శ్రుతిపెట్టెను తన వైపు జరుపుకుని పాట ఎత్తుకుంది.

ఏం పాట! తబలా, గొంతూ ఒకే నోటితో పలికినట్టు సాగాయి. వెనక వరసలో పిల్లలు కూడా అల్లరి మాని కూర్చున్నారు. పాట ముగిశాక చప్పట్లు కొట్టడం మా మందిరంలో అలవాటు లేదు కానీ, ఎవరో కొట్టబోయి ఆపుకున్నారు.

అప్పుడు లేచాడు కార్యదర్శిగారు, ఫోన్ ఎత్తి పట్టుకుని.

"ఐదు!" అన్నాడు, దొంగని పట్టుకున్నట్టు. "ఐదున్నర కాదు, ఐదు. మొదటి నుంచి చివరిదాకా ఐదే. అర శ్రుతి దిగిపోయారు అక్కగారూ."

తమ్ముడుగారు శ్రుతిపెట్టె కేసి చూశాడు. శ్రుతి మార్చే మర నిజంగానే ఐదు మీద ఉంది. అక్క గొంతు ఇక ఐదున్నర అందుకోలేక, ఎవరికీ చెప్పుకోలేక, గుట్టుగా తిప్పుకుందన్నమాట.

"వయసు మీద పడింది నాయనా," అంటోంది ఆవిడ. "గొంతు దిగింది. తప్పు నాదే."

"కాదు!" అని అరిచినంత పని చేశాడు తమ్ముడుగారు. "గొంతు దిగలేదు, నా తబలా దిగింది. తేమకి చర్మం సాగిపోయింది. నన్ను నలుగురిలో చిన్నబుచ్చడం ఇష్టంలేక అక్క నాకోసం దిగొచ్చింది."

"నువ్వు నోరు ముయ్యరా."

"నువ్వే ముయ్యి. తిట్టేదేదో ఇంటికెళ్లాక తిట్టుకో."

"ఇలా కాదు," అన్నాడు కార్యదర్శిగారు. ఫోన్ తెచ్చి తబలా పక్కన పెట్టాడు. "వాయించండి."

తమ్ముడుగారు తబలా మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. ఇంకేముంది, అబద్ధం బయటపడుతుంది. మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుని మీటాడు.

కార్యదర్శిగారు ఫోన్ కేసి చూసి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. "ఐదే!" అన్నాడు మెల్లగా. "అయితే తబలాయే... క్షమించాలి అక్కగారూ, తొందరపడ్డాను. వచ్చేవారం కూడా మొదటి పాట మీదే. తమ్ముడుగారూ, ఇకమీదట మీరు మాత్రం శ్రుతి చేసుకున్నాక నా ఫోన్‌కి చూపించి మరీ వాయించండి."

"ఫోన్‌కి దణ్ణం పెట్టి మరీ మొదలుపెడతానండీ," అన్నాడు తమ్ముడుగారు, పట్టరాని సంతోషంతో.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అక్క చెవిలో గుసగుసలాడాడు. "చూశావా అక్కా? నీ కోసం అబద్ధమాడితే, ఆ దేవుడు సరిగ్గా ఆ వేళకే నా తబలాని అర శ్రుతి దించి కాపాడాడు. నీ గొంతు సంగతి నేనెవరికీ చెప్పనులే. ఇక ఐదులోనే పాడుకుందాం."

ఆవిడ అతని చేతిలోంచి తబలా సంచీ అందుకుని భుజాన వేసుకుంది. "నువ్వాడింది అబద్ధం కాదురా పిచ్చి సన్నాసీ, నీ చెవికి అందలేదు కానీ మొదట్నుంచీ తబలా ఐదులోనే ఉంది, అందుకే మర తిప్పి నేనూ ఐదులోకి దిగాను, నా మొదటి కచేరీలో నేను శ్రుతి తప్పితే, తబలా దిగిందని గురువుగారితో చెప్పి నా మొట్టికాయలన్నీ నువ్వు తిన్నావే, ఆ బాకీ ఇవాళ్టికి తీర్చుకున్నాను."