ప్రయాణపు నమాజు

లారీ కడిగించాలి, ఇంజనాయిలు మార్పించాలి, భార్య చీరలు ఎవరికైనా ఇచ్చేయాలి, సాయంత్రానికల్లా మళ్ళీ రోడ్డెక్కాలి. ఈ ఆలోచనలతోనే డ్రైవరు మధ్యాహ్నం నమాజు ముగించి చాప చుట్టబోయాడు.

"నాన్నా, రెండు రకాతులే చదివావు," అంది గుమ్మంలోంచి కూతురు.

"ప్రయాణంలో ఉన్నవాడికి రెండు చాలమ్మా. అల్లా ఇచ్చిన వెసులుబాటు."

"ప్రయాణమేంటి? ఇంట్లో ఉన్నావు. నాలుగు చదవాలి!"

డ్రైవరు నాలుక కరుచుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అతను చాప పరిచినప్పుడల్లా వంటింట్లోంచి భార్య కేకేసేది: "ఇది లారీ కాదండీ, ఇల్లు! నాలుగు చదవండి!" ఇవాళా అటే చెవి ఒగ్గి మొదలుపెట్టాడు.

"మీ అమ్మ చెప్పలేదే," అనేశాడు.

అమ్మ పోయి నలభై రోజులు. మట్టి ఇచ్చే వేళకు కూడా అతను దారిలోనే ఉన్నాడు. ఆ తర్వాత ఇంటికి రావడం ఇదే మొదలు.

"నేను చెబుతున్నాగా నాన్నా," అంది కూతురు. "నేనుండగా ఇది ఇల్లు కాకుండా పోయిందా?"

అతను చాప మళ్ళీ పరిచి నాలుగూ చదివాడు. చివర సలాం చెబుతూ తల తిప్పినప్పుడు చూపు వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఇవాళ బండి తీయనులే," అన్నాడు చాప చుట్టి పెడుతూ.

ప్రయాణికుడు దారిలో వేడుకునే దుఆ వృథా పోదంటారు. మీరెప్పుడైనా దారిలో ఉంటే, ఆ ఇల్లాలిని ఒక్కసారి తలుచుకోండి.