మేడ మీద వాటా

"డబ్బు కోసం గడ్డి తినే ఆ ఓనరు ఎవడండీ?" మైకులో అడిగాడు గురుప్రసాద్.

శామియానా కింద కూర్చున్న కాలనీ వాళ్లెవరికీ తెలీదు. టెక్కలిలో ఆ కాలనీ చివరనున్న పచ్చమేడని ఎవరో బయటివాడు కొన్నాడట. భావనపాడు వైపు సముద్రం కోతకి ఊరు పోగొట్టుకున్న వాళ్లని తెచ్చి అందులో కుక్కాడు. గదికో సంసారం. అందరికీ ఒకటే కుళాయి. కొత్త ఇళ్లు కట్టేదాకా అద్దె సర్కారు ఇస్తుంది. సర్కారు ఆఫీసుతో మాటలన్నీ ఓనరు తరఫున బ్రోకరే చూసుకుంటాడు.

కాలనీ వాళ్ల బాధ ఆ కుళాయి గురించి కాదు, ఎండుచేపల వాసన గురించి.

గురుప్రసాద్ సంగీతం మాస్టారు. మంచి గొంతు. ఆ గొంతుతోనే అందరి చేతా హారతి పళ్లెం మీద ప్రమాణం చేయించాడు. ఏ ఒక్కరూ ఆ జనానికి ఇల్లివ్వకూడదు. ఇల్లు దొరక్కపోతే వాళ్లే ఊరొదిలి పోతారు.

అందరితో పాటు జగన్నాధమూ చెయ్యి వేశాడు.

మర్నాడు పచ్చమేడ నుంచి దాలమ్మ వచ్చి అతని గేటు దగ్గర నిలబడింది.

"బాబూ, మీ మేడ మీద వాటా కాళీగున్నాదంట. మాకిత్తారేటి? మంచిల్లు సూసుకుంటే మార్పించేత్తామని ఆఫీసోలు సెప్పినారు. అక్కడ నీల్లకి సస్తన్నాం. నా కోడలికి నెలలు నిండిపోనాయి."

జగన్నాధం మెత్తబడ్డాడు. ఇస్తానన్నాడు. అద్దె కూడా తక్కువే చెప్పాడు.

సాయంత్రానికల్లా గురుప్రసాద్ వచ్చాడు.

"దేవుడి ముందు ప్రమాణం చేశారు జగన్నాధం గారూ. రేపు మా ఇంటి పేరంటానికి మీ ఆవిడ ఏ మొహంతో వస్తారు?" అన్నాడు నవ్వుతూనే.

నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతోనే పోస్టుమాస్టరు ఉద్యోగమంతా నెట్టుకొచ్చిన మనిషి జగన్నాధం. ఆ రాత్రి అన్నం సహించలేదు.

పొద్దున్నే ఆఫీసు గుమస్తా దాలమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. వాళ్లని చూసి గురుప్రసాద్ కూడా వచ్చి జగన్నాధం పక్కన నిలబడ్డాడు.

"ఇల్లు ఇస్తానన్నారట. మీరు ఇస్తే, మిమ్మల్ని చూసి ఇంకో నలుగురు ఇస్తారని ఆశపడుతున్నాం," అన్నాడు గుమస్తా.

జగన్నాధం నేల చూపులు చూశాడు. "లేదండీ. మా చుట్టాలొస్తున్నారు."

"పోన్లే బాబూ. సుట్టాలొత్తే గదులు కావాల కదా," అంది దాలమ్మ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నమ్మింది.

గురుప్రసాద్ జగన్నాధం భుజం మీద చెయ్యి వేశాడు. "కాలనీ పరువు నిలబెట్టారు," అన్నాడు.

గుమస్తా నిట్టూర్చాడు. "ఊళ్లో ఎవరూ ఇవ్వనంటే ఏం చేస్తాం? పచ్చమేడ ఓనరు రెట్టింపు అద్దె అడుగుతున్నాడు. అంతా పోసి వీళ్లని అక్కడే ఉంచాలి. బ్రోకరు ఫోనెత్తట్లేదు. ఓనరు నంబరు సంపాదించాను, సరేనని చెప్పేస్తాను."

అతను నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకోగానే, జగన్నాధం భుజం మీంచి చెయ్యి ఇంకా తియ్యని గురుప్రసాద్ జేబులో ఫోను మోగింది.