విడవని పిడికిలి

"అక్కడేమీ లేదయ్యా. నొప్పి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు డాక్టరు.

అతను కుడిచేత్తో కుర్చీ ఎత్తాడు. భార్య నడుం పట్టుకుని వెనక్కి లాగకపోతే అది డాక్టరు నెత్తిన పడేదే. ఆ మాట అన్న డాక్టర్లలో ఈయన నాలుగోవాడు.

ఏడాదిగా అతని ఎడమ పిడికిలి విడవడం లేదు. బొటనవేలు లోపలికి ముడుచుకుంది. మిగతా నాలుగూ దానిమీద బిగుసుకున్నాయి. గోళ్లు అరచేతిలోకి దిగుతున్నట్టు ఒకటే సలుపు. తిండి సయించదు, కన్ను మూతపడదు. ఎంత మొత్తుకున్నా నమ్మే నాథుడు లేడు. నొప్పికన్నా అదే అతన్ని ఎక్కువ మండించేది.

"అదంతా నీ భ్రమ బావా. కాస్త గుండె దిటవు చేసుకో" అన్నాడోసారి బావమరిది, టీ ఊదుకుంటూ. నొప్పి తనది కానప్పుడు ధైర్యం చెప్పడం ఎంత సుఖం! టీ గ్లాసు వెళ్లి గోడకు తగిలింది. బావమరిది మళ్లీ గడప తొక్కలేదు.

ప్రెస్సు యజమాని యాపిల్ పళ్ల సంచీతో వచ్చాడు. కాగితాలు కోసే యంత్రం మీద పద్దెనిమిదేళ్లు పనిచేయించుకున్న పెద్దమనిషి, రెండు నిమిషాలు కూర్చుని "విశ్రాంతి తీసుకో" అన్నాడు. యాపిల్ పళ్లు వీధిలో దొర్లాయి.

ఇక మిగిలింది భార్య. "ఈ వేళ్లు విడదియ్యవే!" అని ఆమె మీద అరిచేవాడు. "నేనెట్లా విడదియ్యను?" అని ఆమె ఏడ్చేది. నాలుగో డాక్టరు తర్వాత ఆమె ఓపికా అయిపోయింది.

"ఇంకొక్క చోటికి రండి. అక్కడా కుర్చీ ఎత్తారో, నేను మా అమ్మ దగ్గరికి పోతాను. ఒట్టు."

అలా ఫిజియోథెరపీ గదికి వచ్చారు. అక్కడి డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టేసింది.

"ఎంత గట్టిగా బిగుసుకుంది?" అని అడిగింది.

ఏడాదిలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. అతను కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

ఆమె అతని కుడి ముంజేయి పట్టుకుంది. "వేళ్లు ఆడించండి. చూశారా, కదిలేది ఇక్కడ. వేళ్లలో కండ ఉండదు. పెద్ద కండలన్నీ ముంజేతిలోనే. అక్కణ్ణుంచి నరాల్లాంటి తాళ్లు వేళ్లదాకా పోతాయి. ముడిచే కండ ఒకవైపు, తెరిచే కండ ఇంకోవైపు. కండకి లాగడమే తెలుసు, తొయ్యడం రాదు. ఒకటి వదిలితేనే రెండోది లాగగలదు."

తర్వాత చొక్కా మీదుగానే ఎడమ ముంజేతిని నొక్కింది. "ఇదిగో, ముడిచే కండ. వదలడమే మర్చిపోయింది. రాయిలా ఉంది. మీరు అబద్ధం చెప్పట్లేదు."

అతను తల పక్కకి తిప్పుకున్నాడు. కోపం లేనప్పుడు మొహం ఎలా పెట్టుకోవాలో అతనికి గుర్తు లేదు.

ఆమె బల్లమీద చెక్కపెట్టె పెట్టింది. దాని పక్కగోడకు అద్దం ఉంది. ఎడమ చెయ్యి పెట్టెలోపల పెట్టించి, కుడిచెయ్యి అద్దం ముందు పెట్టించింది.

"అద్దంలోకే చూడండి. మీ కుడిచెయ్యే ఎడమ చెయ్యిలా కనిపిస్తుంది. మెదడు మీ మాట వినట్లేదు, కంటి మాటైనా వింటుందేమో చూద్దాం. రెండు పిడికిళ్లూ బిగించి, ఒక్కసారే విప్పండి."

"పిల్లలాటలు ఆడుకోవడానికి వచ్చానా నేను?" కుర్చీ కీచుమంటూ వెనక్కి జరిగింది.

భార్య లేచి సంచీ భుజాన వేసుకుంది. అది చూసి అతను మళ్లీ కూర్చున్నాడు.

పదిసార్లు విప్పాడు. ఇరవైసార్లు విప్పాడు. ప్రతిసారీ ఒకరిని తిట్టాడు. డాక్టర్లను, బావమరిదిని, యజమానిని, చివరికి అద్దాన్ని.

"తిట్టుకోండి. చూపు మాత్రం తిప్పకండి" అంది ఆమె.

ముప్పై ఒకటోసారి తిట్టు సగంలో ఆగిపోయింది. చిటికెనవేలు కదిలింది. తర్వాత ఉంగరంవేలు. ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అరచేతికి చల్లగా గాలి తగిలింది.

"విడిచింది" అన్నాడు. నమ్మకం కుదరక మళ్లీ అన్నాడు. "విడిచిందే!"

భార్య ఏడుస్తూనే వచ్చి అతని ఎడమ చేతిని పెట్టెలోంచి మెల్లగా బయటికి తీసింది.

ఏడాది కిందట కాగితాల కత్తి మణికట్టు దగ్గర తెగ్గోసిన ఆ చేతి చివర ఖాళీగా వేలాడుతున్న చొక్కా చేతిని పైకి మడిచి, రోజూలాగే పిన్ను పెట్టింది.