పదికి రెండు

"మీ పాపకి ఆటలు, వీడియోలు మూసేశాను సార్. మేడంగారికి ఏం మూయమంటారు?" అంది నెట్టు పని చేసే అమ్మాయి, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

కళ్ళజోళ్ళ షాపాయన వంటింటి వైపు ఓ చూపు విసిరి, గొంతు తగ్గించాడు. "ఒకే ఒక్క సైటు. కథల సైటు."

"కథలా?"

"కథలేనమ్మా. ఆవిడకి మాత్రం తెలియకూడదు."

ఇంట్లో ఎవరి లాగిన్ వాళ్ళకుంటుందనీ, ఎవరికి మూసింది వాళ్ళకే మూతపడుతుందనీ ఆ అమ్మాయి చెప్పింది. పేకాట మూయించిన భార్యల్ని చూశాను గానీ కథలు మూయించిన భర్తని ఇప్పుడే చూస్తున్నానని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ ఇంటి గోడల్లోకి ఫోను సిగ్నలు దూరదు కాబట్టి వైఫై ఒక్కటే దిక్కు. షాపాయన నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆయన బాధ ఆయనది. రెండేళ్ళుగా, ఇంట్లో పిట్టకి కూడా తెలియకుండా, కలంపేరుతో కథలు రాస్తున్నాడు. ప్రతి ఆదివారం ఎనిమిదింటికి ఒకటి సైటులో పడుతుంది. భార్యకి చెప్పుకునే ధైర్యం లేదు. ఆవిడ లెక్కల టీచరు. ఆయన మేకు కొడితే వంకరంటుంది, చొక్కా మడతపెడితే మళ్ళీ విప్పి మడతపెడుతుంది. అలాంటి మనిషి చేతికి కథ కూడానా?

అయినా తప్పలేదు. కందిరీగ అనే మారుపేరుతో ఎవరో ప్రతి కథనీ కుట్టి వదిలిపెట్టేవారు. 'ముగింపు మూడో లైనులోనే తెలిసిపోయింది. పదికి రెండు.' మార్కులు! టీచర్లు కాకపోతే మార్కులెవరు వేస్తారు? పైగా పోయిన నెల ఆవిడ ఫోనులో ఆ సైటు తెరిచి ఉండటం ఆయన కళ్ళారా చూశాడు. ఆయన్ని చూడగానే ఫోను దిండు కింద దూరింది. ఇంకేం, దొంగ దొరికింది.

ఇన్ని పోట్ల మధ్య ఆయన చేత రాయిస్తున్నది మరొకావిడ. 'మీ పాఠకురాలు' అని సంతకం చేస్తుంది. కథ పడిన అరగంటలోపే ఆవిడ మెచ్చుకోలు వచ్చి తీరాలి. 'మీ కథ చదివితే గానీ నాకు ఆదివారం తెల్లారదు' అని రాసిందొకసారి. ఏ అదృష్టవంతుడి భార్యో అని నిట్టూర్చాడాయన. కందిరీగ ఇంకొక్కసారి కుడితే రాయడమే మానేస్తానని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఆ అవసరం రాకుండానే ఈ ఏర్పాటు.

ఆదివారం ఎనిమిదింటికి కథ పడింది. కాసేపటికి భార్య ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, నెట్టు మొరాయిస్తోంది. కాస్త చూడండి."

"పాప పాఠాలు బాగానే వింటోందిగా?"

"నాకే రావట్లేదు. మీకు పుణ్యం ఉంటుంది, చూద్దురూ."

"చూస్తాలే. ఇప్పుడేం కొంప మునిగింది?" అన్నాడు లోలోపల మురిసిపోతూ.

ఆవిడ అక్కడే కూర్చుని బఠాణీలు ఒలవసాగింది. ఎనిమిదిన్నరకి ఆయన ఫోనులో వ్యాఖ్య పడింది. కందిరీగ!

'రానురానూ రాజుగారి గుర్రం గాడిదయిందట. పదికి ఒకటిన్నర.'

ఆయన తల ఎత్తి భార్య చేతుల వంక చూశాడు. ఆ చేతుల్లో ఫోను లేదు, బఠాణీలే ఉన్నాయి. ఛీ, బంగారంలాంటి మనిషిని అన్యాయంగా అనుమానించానే అని సిగ్గుపడ్డాడు. తొమ్మిదయింది. పాఠకురాలి జాడ లేదు. తొమ్మిదింబావు. ఊహూఁ. ఆవిడకీ విసుగొచ్చేసినట్టుంది. ఒట్టు ఒట్టే, ఇక రాయకూడదు.

కనీసం ఇంట్లోవాళ్ళకైనా న్యాయం చేద్దామని రౌటరు పేజీ తెరిచి, భార్య లాగిన్‌లో ఆ మూత తీసేశాడు.

"ఇప్పుడు చూడు, వస్తుంది."

ఆవిడ బఠాణీలు అలాగే వదిలేసి ఫోనుతో గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆయన సైటువాళ్ళకి 'ఇక సెలవు' అని ఉత్తరం మొదలుపెట్టాడు. రెండు లైన్లు రాశాడో లేదో ఫోను మోగింది. మీ పాఠకురాలు.

'ఆలస్యానికి ఏమనుకోకండి, మా ఇంట్లో నెట్టు మావారు ఇప్పుడే బాగుచేశారు.'