గడియ తీసిన పిల్ల

అలబామాలోని మా ఊరికి పేరు తెచ్చిన నవలా రచయిత్రిని ఖననం చేసి వచ్చాక చర్చిలో భోజనాలు పెట్టారు.

ఆవిడ నవలలో తామున్నామని చెప్పుకోనివాళ్లు మా ఊళ్లో తక్కువ. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు వర్డీ మరీ గట్టిగా చెప్పుకునేది. పందిమాంసానికి పొగబెట్టే కొట్టులో చిక్కుకున్న చిన్నపిల్లను గడియ తీసి కాపాడే అమ్మాయి తానేనట. అందుకే మర్నాడు గ్రంథాలయంలో రచయిత్రి పటం మీద తెర తీసే గౌరవం ఆమెకిచ్చారు.

రచయిత్రి చెల్లెలు ఐడెల్లా కోడివేపుడు కంచంతో వచ్చి వర్డీ పక్కన కూర్చుంది.

"ఏమే, రేపు గడియ సంగతి చెబుతావా?"

"చెప్పనూ మరి? మీ అక్క నన్ను చూసే గదే రాసింది!"

"ఆ కొట్టులో ఉన్నది నేనేనే."

వర్డీ మొహం వెలిగింది. "అయితే నువ్వే చెప్పవే, ఐడీ. ఇక్కడ సగంమంది నన్ను నమ్మరు."

"ఏం చెప్పమంటావు? పొద్దుగూకాక మా నాన్న తలుపు బద్దలుకొట్టాడు. అప్పటికి నాకు అరవడానికి గొంతు లేదు."

"మరి గడియ ఎవరు పెట్టారే?"

"తెలీనట్టు అడుగుతావేంటే? అక్కే. భయపడితే మనిషి ఏమంటాడో వినాలని మెట్టు మీద కూర్చుంది. నువ్వొచ్చి, 'తియ్యనా?' అన్నావు. అది వద్దంది. సరేనని నువ్వూ దాని పక్కనే కూర్చున్నావు."

వర్డీ చుట్టూ చూసింది. ఐడెల్లా ఎముక కంచంలో పెట్టి చెయ్యి తుడుచుకుంది.

"పుస్తకంలో నీ చేత గడియ తీయించింది. నా చేత నీకు దణ్ణం కూడా పెట్టించింది."