ముంగిస గుమ్మంలో కుబుసం

వాగు ఒడ్డున ఒక ముంగిస ఆకుపసరు వైద్యం చేసుకుని బతికేది. దెబ్బ తగిలి ఎవరొచ్చినా గడ్డిచామంతి ఆకు మెత్తగా నమిలి, ఆ ముద్దను తన నోటితోనే గాయానికి అద్దేది. వాళ్ళు రాయి మీద పెట్టి వెళ్ళే పళ్ళూ, తేనెపట్టు ముక్కలే దాని పిల్లల కడుపు నింపేవి.

ఒక మధ్యాహ్నం ఆ రాయి దగ్గరికి తాచుపాము వచ్చింది. మెడ మీద గాయం. పొద్దున పుట్ట దగ్గర పోట్లాటలో ముంగిస కరిచిన గాయమే అది. మిగతా రోగులంతా తలో దిక్కూ పరిగెత్తారు.

"మామా, వదలకు. ఇప్పుడైతే సులువుగా చస్తుంది," అంది చెట్టెక్కిన ఉడుత.

"పుట్ట దగ్గర కనబడితే చంపుతాను. ఈ రాయి దగ్గరికొస్తే మందే వేస్తాను," అంది ముంగిస. తర్వాత తాచు వైపు తిరిగి, "తల దించు," అంది.

తాచు పడగ ముడిచి మెడ చాచింది. ముంగిస నోరు ఆ మెడకు ఆనింది. ఉడుత కళ్ళు మూసుకుంది.

పసరు ఇంకాక తాచు మెల్లగా తలెత్తింది. "ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు."

"ఉన్నప్పుడు ఇద్దువుగాని."

కొన్నాళ్ళకి ఒక ఉదయం ముంగిస బొరియలోంచి బయటికి రాబోతే గుమ్మానికి అడ్డంగా కుబుసం ఉంది. తల నుంచి తోక దాకా ఎక్కడా చిరగకుండా ఎండకు మెరుస్తోంది. ముంగిస దాని ముందు అలాగే కూర్చుండిపోయింది.

"దీనికంటే ఒక పండు నయం కదా మామా," అంది ఉడుత.

"కుబుసం విడిచే ముందు పాముకి కళ్ళు కనబడవు," అంది ముంగిస. "అలాంటప్పుడు అది నా గుమ్మంలో పడుకుంది."